కుట్టుపనికి ఎట్టి ఆటంకమూ లేదు

కాజాల పిన్ని వాళ్ళ అన్నయ్యను అందరూ సూపరింటెండెంటు గారని పిలుస్తారు. ఆయన ఏనాడూ సూపరింటెండెంటు కాలేదు. నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాగా చేరి హెడ్ క్లర్కుగా బయటపడ్డాడు. ఆ కుర్చీకి సరిగ్గా ఒక మెట్టు కింద ఉద్యోగం ముగిసింది. ఆ ఒక్క మెట్టు సంగతి బాగా తెలిసిన ప్యూన్లు వెటకారానికి పెట్టిన పేరది. ఆయన దాన్ని బిరుదుగా పుచ్చుకుని ఇంటి తలుపుకి బోర్డు కూడా కొట్టించాడు. వెక్కిరిస్తే సన్మానం అనుకునే మనిషితో ఒకే కప్పు కింద ఉండడం ఎలా ఉంటుందో పిన్నిని అడగాలి. అడిగినా ఆమె చెప్పదు. ఆమెతో వచ్చిన చిక్కే అది.

పిన్ని మనసులో అనుకునే మాటలు బయటికి వస్తే ఆ వీధిలో సగం మంది తలెత్తుకుని తిరగలేరు. ఎవరిని చూసినా ఆమె లోపల ఒక మాట తయారుగా ఉంటుంది, దారం ఎక్కించి పెట్టుకున్న సూదిలాగా. నోట్లోంచి వచ్చేది మాత్రం "సరే అన్నయ్యా", "అలాగే", "నాదేముంది". యాభై రెండేళ్ళుగా ఇదే వరస.

ఆమె పని కాజాలు కుట్టడం. బజారులో టైలరు షాపు ఉంది. అక్కడ చొక్కాలన్నీ మిషను మీదే తయారవుతాయి గానీ, బొత్తం దూరే కాజా మాత్రం చేత్తో కుడితేనే ఇష్టపడేవాళ్ళు ఇంకా కొందరున్నారు. గుడ్డకి గాటు పెట్టి, పోగులు ఊడిపోకుండా ఆ గాటు చుట్టూ ముడి పక్కన ముడి వేసుకుంటూ పోవాలి. ఒక్క ముడి వదులైతే కాజా నోరు తెరుచుకుంటుంది. పిన్ని కుట్టినదాన్ని తిరగేసి చూస్తే ఏది పైవైపో ఏది లోపలివైపో తెలియదు. టైలరు మేస్త్రి ఎవరినీ మెచ్చుకునే రకం కాదు. అతను కూడా కొత్తవాళ్ళకి పని నేర్పేటప్పుడు పిన్ని కుట్టిన చొక్కా తీసి వాళ్ళ ముందు పడేస్తాడు.

భర్త పోయాక పిన్ని అన్నయ్య ఇంటి ముందుగదిలో ఉంటోంది. కానీ పొయ్యి వేరు. ఆ పొయ్యి కోసమే ముప్పై ఏళ్ళుగా మెడ వంచి కుట్టింది. అన్నయ్య పంక్తిలో కూర్చుని తింటే ముద్దకొక ఉపన్యాసం మింగాలి. నీళ్ళు ఎలా తాగాలో, నీటి శాఖ లేకపోతే ఈ దేశం ఏమైపోయేదో, ఫైలుకి దారం ఎటువైపు కట్టాలో. ఆయన భార్య వింటూ వింటూనే ముసలిదైంది, పాపం. పిన్ని మాత్రం తన గదిలో, తన పొయ్యి మీద, తనకి నచ్చినప్పుడు వండుకుంటుంది. వండిందాంట్లో ఉప్పు ఎక్కువైనా అది తను వేసుకున్న ఉప్పు. ఆ పొయ్యి వెలిగేది ఆమె పది వేళ్ళ మీద.

అలాంటి పిన్నికి పెద్దపేగులో క్యాన్సర్ వచ్చింది. తెలిసేసరికే అది కాలేయం దాకా పాకింది. ఇప్పటికిప్పుడు కోసి తీసేసే వీల్లేదని, ముందు మందులతో గడ్డల్ని చిన్నవి చేయాలని ఆసుపత్రిలో చెప్పారు. అక్కడే ఒక పరీక్ష జరుగుతోంది. ఈ జబ్బు ముదిరిన వాళ్ళలో సగం మందికి రెండు మందులు కలిపి ఇస్తారు, సగం మందికి మూడు. ఎవరికి ఏది అన్నది కంప్యూటరు చీటీ తీసినట్టు తీస్తుంది. డాక్టర్లకి కూడా అందులో చెయ్యి లేదు. కొన్నేళ్ళ తర్వాత లెక్క చూసి ఏది మేలో తేలుస్తారు. చేరతారా అని అడిగారు.

అడిగింది పిన్నిని. జవాబు చెప్పింది అన్నయ్య. ఒప్పుకోలు పత్రం ఇరవై మూడు పేజీలుంది. పిన్ని సంతకం ఎక్కడెక్కడ పెట్టాలో వేలితో చూపించి, తను ప్రతి పేజీ అడుగునా సాక్షిగా సంతకం పెట్టాడు. ఒక్క పేజీ కూడా చదవలేదు. ముప్పై అయిదేళ్ళు చదవకుండా సంతకాలు పెట్టిన చెయ్యి, ఇప్పుడు కొత్తగా చదువుతుందా?

కంప్యూటరు పిన్నికి మూడు మందులు తీసింది. ఆ సాయంత్రం అన్నయ్య వీధి చివరి దాకా నడిచి మరీ ఆ వార్త చెప్పి వచ్చాడు, కంప్యూటరుకి తనే సిఫార్సు ఉత్తరం రాసినట్టు. "రెండు కాదు, మూడు. అందరికీ దొరికేది కాదు," అన్నాడట.

ఆ పరీక్ష పనులన్నీ చూసుకునే నర్సు ఒకామె ఉంది. అందరూ స్టడీ సిస్టరు అంటారు. చిన్న వయసు, పెద్ద కళ్ళద్దాలు, వంకర లేని మాట. మూడు మందులు మేలని ముందే తెలిస్తే ఇక పరీక్ష ఎందుకండీ, తెలీదు కాబట్టే కదా చేస్తున్నాం అని ఆమె అన్నయ్యకి రెండుసార్లు చెప్పింది. ఆయన నవ్వాడు. బయటికి వచ్చాక ఆ పిల్లకి అనుభవం తక్కువ అన్నాడు.

ఆసుపత్రి మూడో అంతస్తులో వరండా పొడుగునా బెంచీలుంటాయి. వాటిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న రూలు ఏమీ లేదు. కానీ అన్నయ్య వచ్చిన నెలలోపే కిటికీ పక్క రెండు బెంచీలు మూడు మందుల వాళ్ళవైపోయాయి. రెండు మందుల వాళ్ళు తలుపు దగ్గర, చెప్పుల స్టాండు పక్కన. వాళ్ళలో ఒక బస్సు కండక్టరు, తను మోసపోయానని, పలుకుబడి ఉన్నవాళ్ళందరికీ మూడు దొరికాయని రోజూ గొణిగేవాడు. అన్నయ్య ఆ మాట విని కాదనకుండా చిన్నగా దగ్గేవాడు. కాలేయంలో గడ్డలున్న మనుషులు కూడా బెంచీ దగ్గర హోదాలు పంచుకోవడం చూస్తుంటే, ఈ జాతి బాగుపడదని పిన్నికి అనిపించేది. అనిపించి, వెళ్ళి కిటికీ పక్కనే కూర్చునేది. అన్నయ్య చోటు పట్టి ఉంచాడు కదా.

పధ్నాలుగు రోజులకోసారి మందు. ఛాతీ మీద చర్మం కింద పెట్టిన చిన్న డబ్బీలోంచి గంటల తరబడి ఎక్కిస్తారు. చివరి మందు ఒక సీసాలో పోసి, ఆ సీసాని సంచీలో పెట్టి భుజానికి తగిలిస్తారు. రెండు రోజులు దానితోనే నిద్ర, దానితోనే స్నానం గదికి. మూడు మందుల్లో ఒకటి చలికి పగ. అది ఎక్కినప్పటినుంచి చల్లటిది ముట్టుకోకూడదు, చల్లటివి తాగకూడదు. పొద్దున కుళాయి కింద వేలు పెడితే కరెంటు కొట్టినట్టు ఉంటుంది. ఈ సంగతి చక్కగా బొమ్మలతో అచ్చేసిన పుస్తకం ఇచ్చారు. ఆ పుస్తకం ఇచ్చి, మందు ఎక్కించే గదిలో ఏసీ పద్దెనిమిదిలో పెట్టారు. కోటు వేసుకునే పెద్ద డాక్టరు గారికి చెమట పడుతుందట. ఆయన రోజుకి నాలుగు నిమిషాలు ఆ గదిలోకి వస్తాడు, వెనకాల ఆరుగురు చిన్న డాక్టర్లు. "బాగున్నారా?" అని మొదటి మంచం దగ్గర అడిగి, జవాబు వచ్చేసరికి మూడో మంచం దగ్గర ఉంటాడు.

ఇక డైరీ సంగతి. ఇంటి దగ్గర ప్రతిరోజూ నింపమని కాగితాలిచ్చారు. ఎన్నిసార్లు విరేచనమైంది, వాంతులున్నాయా, ఆకలి ఎలా ఉంది, నిద్ర ఎలా ఉంది, వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయా, బొత్తాలు పెట్టుకోవడం కష్టంగా ఉందా, మీ రోజువారీ పనికి ఇబ్బంది ఉందా. రోగి సొంతంగా రాయాలని పైన లావు అక్షరాల్లో ఉంది. అన్నయ్య ఆ లావు అక్షరాల మీదే చెయ్యి ఆనించి రాయడం మొదలుపెట్టాడు. బొత్తాల ప్రశ్న చదివి ఆయనకి నవ్వాగలేదు.

"ఊరందరి బొత్తాలకీ దారి చేసింది మా చెల్లెలు. దాన్నా అడిగేది? లేదు అని రాస్తున్నా."

ఆయన పద్ధతి వెనక ఒక సిద్ధాంతం ఉంది. నీటి సరఫరా ఆఫీసులో, కుళాయికి నీళ్ళు సరిగా రావడం లేదని ఎవరైనా అర్జీ పెడితే, ముందు తనిఖీ కోసమని ఆ కుళాయి కట్టేసేవాళ్ళు. తనిఖీకి మనిషి వెళ్ళేసరికి ఆరు నెలలు. అందువల్ల తెలివైనవాడు అర్జీ పెట్టడు, వచ్చిన సన్నటి ధారే పట్టుకుంటాడు. ఆసుపత్రీ అంతేనని ఆయన నమ్మకం. ఇబ్బంది ఉందని రాస్తే పరీక్షలోంచి పేరు కొట్టేస్తారు, మూడో మందు ఇంకొకడికి పోతుంది. కాబట్టి డైరీ నిండా ఆఫీసు భాష. "ఆకలి సాధారణం. నిద్ర సంతృప్తికరం. విరేచనములు క్రమబద్ధం. కుట్టుపనికి ఎట్టి ఆటంకమూ లేదు. పై విషయములందు ఫిర్యాదు ఏమియూ లేదు."

పిన్ని పక్కన కూర్చుని చూసేది. ముందు రోజే నాలుగుసార్లు వాంతి చేసుకుని, గోడకి ఆనుకుని పడుకుంది. అది చదివితే, ఆ కాగితం మీది ఆవిడెవరో మహా సుఖంగా ఉంది, ఆవిడ దగ్గరికి పోయి కాస్త ఆరోగ్యం అప్పు తెచ్చుకోవాలి అనిపించింది. "సరే అన్నయ్యా" అంది.

కిటికీ పక్క బెంచీల మీద ఈ డైరీ చేతులు మారింది. అందరూ మెచ్చుకున్నారు. లారీ డ్రైవరు ఒకడుండేవాడు, ఆరడుగుల మనిషి, మందు ఎక్కించే కుర్చీలో కాళ్ళు పట్టేవి కావు. అతని భార్యకి రాయడం అంతంతమాత్రం. ఇంత మంచి తెలుగు మాకెక్కడ వస్తుంది సార్, మీ కాగితం ఒకసారి ఇస్తే చూసి రాసుకుంటాం అంది. అన్నయ్య పొంగిపోయాడు. ఆయన రాసింది మళ్ళీ ఒకరు అడిగి తీసుకోవడం ఉద్యోగం మొత్తంలో జరగలేదు. ఒక్కటి కాదు, అయిదు కాపీలు తీయించి పంచిపెట్టాడు. ప్రతి కాపీ పైన "నమూనా" అని ఎర్ర సిరాతో రాశాడు.

నాలుగు సార్లు మందు పడ్డాక స్కానింగు తీశారు. కాలేయంలో పెద్ద గడ్డ యాభై రెండు మిల్లీమీటర్ల నుంచి ముప్పై ఆరుకి తగ్గింది. అన్నయ్య ఆ అంకెలు దారిన పోయేవాళ్ళకి కూడా చెప్పాడు. పిన్నికి నిజంగానే ఆ రోజు ప్రాణం మీద ఆశ పుట్టింది. బతకాలని ఎవరికుండదు? అందుకే ఆ తర్వాత జరిగింది ఆమె కూడా కొన్నాళ్ళు దాచింది. తప్పంతా అన్నయ్యదే అంటే అబద్ధమవుతుంది.

చలికి పగైన ఆ మందు వేళ్ళకి తెచ్చే తిమ్మిరి, మొదట్లో అయిదారు రోజులకి పోయేది. ఆరో విడత తర్వాత పోవడం మానేసింది. వేళ్ళ చివర్లకి మైనం పూసినట్టు ఉండేది. సూది పట్టుకుంటే ఉన్నట్టూ లేనట్టూ. దారం ముడి బిగిసిందో లేదో వేలికి తెలియక, కంటితో చూసుకోవలసి వచ్చేది. పిన్ని ఏనాడూ కుట్టేటప్పుడు వేళ్ళని చూసుకున్నది కాదు. వీధిని చూస్తూ, పోయేవాళ్ళని మనసులో తిడుతూ కుట్టేది. ఇప్పుడు చొక్కాకి రెండింతలు సమయం పడుతోంది, వీధి చూసే తీరికే లేదు.

ఏడో విడత అయిన వారానికి ఒకనాటి మధ్యాహ్నం టైలరు మేస్త్రి ఆమె చేతిలోని చొక్కా పట్టుకుని లాగాడు. తెల్ల చొక్కా. పెళ్ళికొడుకుది. ముందు పట్టీ మీద వరసగా ఎర్రటి చుక్కలున్నాయి, కాజాకొకటి చొప్పున. సూది ఎన్నిసార్లు గుచ్చుకుందో, ఎంతసేపటినుంచి రక్తం వస్తోందో పిన్నికి తెలియలేదు. మేస్త్రి తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"కొన్నాళ్ళు హెమ్మింగు చూడక్కా. పెద్ద పెద్ద కుట్లు. కాజాలు తర్వాత చూద్దాం," అన్నాడు, ఆమె మొహంలోకి చూడకుండా.

హెమ్మింగు అంటే అంచు మడిచి కుట్టడం, పని నేర్చుకునేవాళ్ళకి మొదటిరోజు ఇచ్చేది. పిన్ని సంచీ సర్దుకుని ఇంటికి వచ్చి, అన్నయ్య దగ్గర నిలబడి, చాలా ఏళ్ళ తర్వాత ఒక మాట తనంతట తను చెప్పింది. వేళ్ళు మొద్దుబారాయి, ఈసారి డైరీలో అది రాద్దాం అంది.

అన్నయ్య పేపరు మడిచాడు. "వేళ్ళు కావాలా, ప్రాణం కావాలా?"

అడిగిన తీరు చూస్తే రెండూ ఆయన బీరువాలో ఉన్నట్టుంది.

"అవసరమైతే కుట్టడం మానెయ్. మా పంక్తిలో కూర్చో. చెల్లెలికి ఇంత ముద్ద పెట్టలేనా? ముప్పై ఆరు మిల్లీమీటర్లు తెచ్చుకున్నాం. ఇంకో అయిదు విడతలు ఓర్చుకోలేవా?"

గడ్డ తగ్గించుకోవడంలో "మనం" ఎప్పుడు చేరామా అనుకుంది పిన్ని. ఆ పంక్తి కళ్ళ ముందు కనిపించింది. ఆయన పక్కన పీట, ఎదురుగా నీళ్ళ గ్లాసు, ఆ గ్లాసు మీద నీటి శాఖ చరిత్ర. బతికి బట్టకడితే ఎన్నేళ్ళు అలా? సూది పట్టలేని చేతులతో, ఆయన పెట్టింది తింటూ, ఔనంటూ. చావంటే ఆమెకి భయమే. ఆ పీటన్నా భయమే. ఏది ఎక్కువ భయమో తేలక ముందే నోరు తన అలవాటు ప్రకారం "సరే అన్నయ్యా" అనేసింది. ఆ రోజు డైరీ కూడా ఎప్పటిలాగే పూర్తయింది. కుట్టుపనికి ఎట్టి ఆటంకమూ లేదు.

ఎనిమిదో విడతకి వెళ్ళినప్పుడు కిటికీ పక్క బెంచీ మీద పెద్ద ఖాళీ కనబడింది. లారీ డ్రైవరు లేడు. ముందు రోజు అతన్ని మోసుకొచ్చి కింద అత్యవసర విభాగంలో చేర్చారని కండక్టరు చెప్పాడు. ఎవరూ ఇంకా కూర్చోకముందే స్టడీ సిస్టరు వచ్చి, అన్నయ్యనీ పిన్నినీ తన గదిలోకి రమ్మంది. చిన్న గది. బరువు తూచే మిషను, రక్తం గొట్టాలు పెట్టే ఫ్రిజ్, మూడు కుర్చీలు, అద్దం తలుపు. బల్ల మీద కాగితాలు వరసగా పరిచి ఉన్నాయి.

"సూపరింటెండెంటు గారూ, ఈ మొదటిది కాస్త పైకి చదివి పెడతారా?" అంది సిస్టరు.

ఆయన కళ్ళద్దాలు తుడుచుకుని, గొంతు సవరించుకుని, సొంత పద్యం చదువుతున్నట్టు చదివాడు. ఆకలి సాధారణం. నిద్ర సంతృప్తికరం. చివరిదాకా చదివి, బాగానే ఉంది కదా అన్నట్టు చూశాడు.

"అది లారీ డ్రైవరు గారి డైరీ అండి. చివరి నుంచి రెండో లైను మళ్ళీ చదవండి."

ఆయన చదవలేదు. పిన్ని తల వంచి చూసింది. వంకరటింకర అక్షరాల్లో, లారీ డ్రైవరు కుట్టుపనికి ఎట్టి ఆటంకమూ లేదు.

"ఆయనకి కుట్టుపని కూడా వచ్చని నాకు తెలీదు," అంది సిస్టరు. "ఇదిగో, ఈయన స్కూలు వాచ్‌మన్. ఈయనకీ ఆటంకం లేదు. ఈయన బ్యాంకు మేనేజరు, ఈయనా కుడతారు. అయిదుగురికి అయిదుగురు. మూడు మందులు పడితే అందరూ టైలర్లు అవుతారని పెద్ద డాక్టరు గారికి రిపోర్టు రాయమంటారా?"

అన్నయ్య మొహం ఎర్రబడింది, కానీ సిగ్గుతో కాదు. "నేనిచ్చింది నమూనా. నమూనా అంటే ఎవరి వివరాలు వాళ్ళు మార్చి రాసుకోవాలి. వాళ్ళకి కాపీ కొట్టడం కూడా రాకపోతే నేనేం చేసేది?"

పిన్ని ఆయన్ని చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ళ తన మనసులోని తిట్లన్నీ పోగేసినా ఈ ఒక్క జవాబుకి సరిపోవు అనిపించింది.

సిస్టరు గొంతు పెంచలేదు. లారీ డ్రైవరుకి ఎనిమిది రోజులుగా రోజుకి పదిహేనుసార్లు విరేచనాలయ్యాయని, ఒళ్ళంతా ఎండిపోయి మూత్రపిండాలు దెబ్బతిన్నాయని, బతుకుతాడో లేదో రెండు రోజులు గడిస్తే గానీ చెప్పలేమని చెప్పింది. అంతకు ముందు విడతలోనూ అదే బాధ పడ్డాడట. డైరీ చూసి అంతా బాగుందనుకుని తామే మళ్ళీ పూర్తి డోసు ఎక్కించామంది. పైగా అతని భార్య రెండు వారాలకి సరిపడా ఒకేసారి రాసి పెట్టేసింది.

"వచ్చే శుక్రవారం కూడా ఆయన నిద్ర సంతృప్తికరమే," అంది. అని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "రేపు ఇలాంటి జబ్బుతో ఎవరొచ్చినా, మూడు మందులు ఎంత గట్టిగా ఇవ్వొచ్చో ఈ కాగితాలు చూసే నిర్ణయిస్తారు. అది మీకు తెలుసా అండీ?"

"మిగతావాళ్ళ సంగతి నాకెందుకు," అన్నాడు అన్నయ్య. "మా చెల్లెలి డైరీలో ఉన్నది అక్షరాలా నిజం. కావాలంటే అడగండి. ఏమ్మా, నీకేమైనా ఇబ్బందుందా?"

అది ప్రశ్న కాదు. జవాబు ముందే రాసి, కింద సంతకం పెట్టమని తోసినట్టు. ఇన్నాళ్ళూ సిస్టరు అడిగిన ప్రతిసారీ ఆయనే బదులు చెప్పాడు. ఇప్పుడామె ఆయన్ని వదిలేసి పిన్ని వైపు తిరిగి కూర్చుంది.

చెబితే మూడో మందు పోతుంది. యాభై రెండుని ముప్పై ఆరు చేసింది అదేనేమో. చెప్పకపోతే ఇంకో గంటలో అది ఒంట్లోకి ఎక్కుతుంది, వేళ్ళలో మిగిలిన కాస్త ప్రాణమూ పోతుంది. పిన్ని తన చేతుల్ని చూసుకుంది. కింద అంతస్తులో, కుర్చీలో కాళ్ళు పట్టని ఆ మనిషి మంచంలోనైనా పట్టాడో లేదో. అతనికా గతి పట్టించిన కాగితం తన పక్కనే కూర్చుని రాశారు. తను చూస్తూ కూర్చుంది.

"అబద్ధం," అంది.

"ఏదమ్మా?"

"ఆ కుట్టుపని మాట. లారీ ఆయనకి ఆటంకం లేదు గానీ, నాకుంది."

అన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఏం మాట్లాడుతున్నావో తెలుస్తోందా? పేరు కొట్టేస్తారు."

"కొట్టెయ్యనీ. నువ్వు బయట కూర్చో అన్నయ్యా."

ఆయన పిన్నిని, సిస్టరుని, ఫ్రిజ్‌ని మార్చి మార్చి చూశాడు. ఎవరూ ఉండమనలేదు. బయటికి వెళ్ళి అద్దం తలుపు అవతల నిలబడ్డాడు.

సిస్టరు ఆమెను కళ్ళు మూసుకోమంది. చేతిలో ఒక్కొక్కటే పెట్టి ఇదేమిటో చెప్పమంది. మొదటిది దూదో గుడ్డో తేలలేదు. రెండోది గట్టిగా ఉంది, చిన్నగా ఉంది, అంతకు మించి తెలియలేదు. పిన్ని బొటనవేలితో దాన్ని అటూ ఇటూ తిప్పింది. బొత్తమేమో అంది. కళ్ళు తెరిచి చూస్తే అరచేతిలో గుండుసూది ఉంది.

సిస్టరు ఆ గుండుసూదిని తీసి పక్కన పెట్టింది.

తర్వాత సిస్టరు చెప్పింది. పేరు ఎవరూ కొట్టరు. ఇబ్బంది ఉంటే వేళ్ళని మొద్దుబార్చే ఆ ఒక్క మందు తగ్గిస్తారు, మరీ ఎక్కువైతే ఆపుతారు. మిగతా రెండూ సాగుతాయి. పరీక్షలోనే ఉంటారు.

"పదకొండో పేజీలో ఉందమ్మా. కింద మీ అన్నయ్య గారి సంతకం కూడా ఉంది."

"ఉంటుంది. ఆయన సంతకం లేని చోటేది," అంది పిన్ని. ఆ మాట బయటికి వచ్చినందుకు తనే ఆశ్చర్యపోయింది. నెత్తి మీద పైకప్పు విరిగి పడలేదు. సిస్టరు నవ్వింది కూడా.

"అది ఆపితే గడ్డ మళ్ళీ పెరుగుతుందా?"

"తెలీదు. పెరగొచ్చు, పెరక్కపోవచ్చు."

"వేళ్ళు?"

"కొందరికి స్పర్శ నెమ్మదిగా తిరిగొస్తుంది, నెలలు పడుతుంది. కొందరికి పూర్తిగా రాదు. మీకెలా ఉంటుందో నేను చెప్పలేను."

"మొదట్లోనే చెప్పి ఉంటే?"

సిస్టరు బల్ల మీది పాత డైరీ వైపు చూసింది. "అప్పుడే డోసు తగ్గించేవాళ్ళం," అంది.

పిన్నికి ఏడుపు రాలేదు. తన మీద తనకి ఒక మాట పుట్టింది లోపల. ఊళ్ళో ఎవరి మీదా ఎన్నడూ అంత పదునైన మాట పుట్టలేదు. దాన్ని మాత్రం లోపలే ఉంచుకుంది.

"ఈ బిల్డింగులో తెలీదని ఒప్పుకున్నదానివి నువ్వొక్కదానివే తల్లీ. మిగతా అందరికీ అన్నీ తెలుసు."

"ఆపడమా, తగ్గించడమా అన్నది డాక్టరు గారు చూస్తారు. మీ మాట కూడా రాస్తాను. మీకేం కావాలి?"

ఇరవై మూడు పేజీల్లో ఎక్కడా ఎవరూ ఆమెని ఇలా అడిగినట్టు లేదు. ఉందేమో, ఆ పేజీ కూడా అన్నయ్యే తిప్పేసి ఉంటాడు.

"ఆపెయ్యమను. మిగతా రెండూ ఎక్కించండి. ఎన్నాళ్ళు బతుకుతానో మీకే తెలీనప్పుడు, ఆ ఉన్నన్నాళ్ళు నా వంట నేను వండుకుంటా. మళ్ళీ సూది పట్టగలిగితే పడతా. లేకపోతే ఇంకేదో చేసుకుంటా. ఆయన పక్కన పీట వేసుకుని మాత్రం కూర్చోను."

సిస్టరు అదంతా రాసింది. పీట మాట రాయాలా వద్దా అని ఒక్క క్షణం ఆగి, అదీ రాసింది. ఆ తర్వాత నమూనా కాగితాలన్నీ ఒక కవరులో పెట్టి, కొత్త కాగితం తీసింది. మొదటి విడత నుంచి నిజంగా ఏమేం జరిగిందో గుర్తున్నంత వరకూ చెప్పమంది.

పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుంది. మొదటి రాత్రి వాంతులు ఎన్నిసార్లయ్యాయో చెప్పింది. సీసా సంచీ భుజం మీద ఒరుసుకుని ఎక్కడ పుండు పడిందో చెప్పింది. కుళాయి గురించీ, నాలుక మీద లోహపు రుచి గురించీ చెప్పింది. ఏసీ పద్దెనిమిదిలో ఉన్న గది గురించీ, మొదటి మంచం దగ్గర అడిగి మూడో మంచం దగ్గర జవాబు వినే డాక్టరు గురించీ చెప్పింది. అది రాయడానికి ఏ గడీ లేదని సిస్టరు అంది. అయితే పక్కన ఖాళీ ఉంది కదా అక్కడ రాయి అంది పిన్ని. ఒకదాని వెనక ఒకటి, ముప్పై ఏళ్ళ కుట్టులాగే, మధ్యలో వదులు లేకుండా మాటలు వస్తున్నాయి. సిస్టరు రెండో కాగితం తీసింది, మూడోది తీసింది. అద్దం అవతల అన్నయ్య గడియారం చూసుకున్నాడు. వేలితో అద్దం మీద తట్టాడు. అంతసేపు చెప్పడానికి ఏముందన్నట్టు చేతులు చాపాడు.

పిన్ని అటు చూసి, మళ్ళీ ఇటు తిరిగింది.

"ఇది మొదటి వారం సంగతి," అంది. "రెండో వారం రాసుకో తల్లీ."